పక్కచూపు

నా లాప్‌టాప్‌లో "పనోరమా_ఫైనల్_4" అనే ఎక్సెల్ షీట్ ఒకటుంది. తొమ్మిది కెమెరాలు, పదకొండు కాలమ్‌లు. నెగటివ్ సైజు, ఎన్ని డిగ్రీల మేర చూస్తుంది, రోలుకి ఎన్ని ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకి ఎంత ఖర్చు, బరువు, బాటరీ కావాలా అక్కర్లేదా, పాడైతే బాగుచేసేవాళ్ళు మిగిలున్నారా... ఇలా. చివరి కాలమ్ పేరు "ఎందుకు". అది చాన్నాళ్ళు ఖాళీగా ఉండిపోయింది. మిగతా పదింటికీ వెయిటేజ్ ఇచ్చి, ఫార్ములా రాసి మార్కులు వేశాను. ఎన్నిసార్లు అంకెలు మార్చినా ఫస్టు ర్యాంకు నేను కొనలేని కెమెరాకే వచ్చేది. ఇంజనీరింగ్ చదివినందుకు ఈమాత్రం శిక్ష ఉండాలి.

2019లో ఆర్నెల్లు ఇదే పని. ఆఫీసులో బిల్డ్ నడుస్తున్నంతసేపూ పాత కెమెరాల మాన్యువళ్ళు చదివేవాణ్ణి.

మొదలైంది సంక్రాంతికి, రాజమండ్రిలో. సాయంత్రం పూట నాన్నా నేనూ పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చున్నాం. నాన్న ఆర్టీసీలో డ్రైవరుగా చేసి 2014లో రిటైరయ్యాడు. రాజమండ్రి నుంచి కొవ్వూరు మీదుగా వెళ్ళే రూట్లలో ఎక్కువ తిరిగాడు కాబట్టి, రోడ్ కమ్ రైలు వంతెన ఆయనకి ఇంటి వసారాలాంటిది. కింద రైలు, పైన బస్సు. "కింద రైలు పోతా ఉంటే స్టీరింగులో తెలిసేది" అంటాడు. ఆ సాయంత్రం ఫోన్ తీసి పనోరమా మోడ్ పెట్టి ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పాను. సరిగ్గా అప్పుడే వంతెన మీదికి రైలొచ్చింది. ఫోటోలో ఆ రైలు మూడు ముక్కలైంది, ఒక పెట్టె రెండుసార్లు పడింది, ఇంజను అసలు లేనేలేదు.

నాన్న ఫోన్‌ని మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసి, "ఇదేంట్రా, యాక్సిడెంట్ చేశావు" అన్నాడు. కాసేపాగి, "మొత్తం గోదారి ఒక్క బొమ్మలో రాదా? సినిమాస్కోప్ లాగా?" అన్నాడు.

నాన్నకి వెడల్పుగా ఉన్న బొమ్మ ఏదైనా సినిమాస్కోపే. దానికో కారణం ఉంది. ఆ వంతెన తెరిచిన సంవత్సరం 1974. తెలుగులో మొదటి సినిమాస్కోప్ సినిమా 'అల్లూరి సీతారామరాజు' వచ్చిందీ 1974లోనే. ఆయనకప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఒకే ఏడాదిలో ఊరికి అంత పొడుగు వంతెనా, తెరకి అంత వెడల్పూ వచ్చేస్తే ఆ వయసులో మనిషికి ప్రపంచం పక్కకి పెరుగుతోందనే అనిపిస్తుంది కదా.

సరే, ఫిల్మే ఎందుకు? ఇది నన్ను చాలామంది అడిగారు, నేనూ అడుక్కున్నాను. నిజం చెప్పాలంటే అవసరం లేదు. మంచి డిజిటల్ కెమెరాతో ఐదారు ఫోటోలు తీసి కంప్యూటర్లో అతికిస్తే, ఏ ఫిల్ము కెమెరా ఇవ్వలేనంత వివరంతో పనోరమా వస్తుంది. కాకపోతే అతికించిన దాంట్లో ఆ ఆరు క్షణాలూ ఒకే క్షణంలా నటిస్తాయి. పైగా ఏది ఉంచాలి, ఏది కత్తిరించాలి అన్న నిర్ణయం ఇంటికొచ్చాక, స్క్రీన్ ముందు జరుగుతుంది. పొద్దస్తమానం స్క్రీన్ ముందే నిర్ణయాలు చేసేవాడికి అదింకో టికెట్ క్లోజ్ చేసినట్టే ఉంటుంది. నది ఒడ్డున నిలబడి, అక్కడే తేల్చుకుని, నొక్కి, ఇక మార్చలేని స్థితిలో ఇంటికి రావాలని నా కోరిక. దీన్ని సిద్ధాంతం అనను, అలవాటు మార్చుకోవాలన్న ఆశ అనండి.

పనోరమా కెమెరాల్లో మొదట దొంగ రకం గురించి చెప్పాలి. తొంభైల్లో చాలా చిన్న కెమెరాల మీద "పనోరమా" అని ఒక మీట ఉండేది. అది నొక్కితే లోపల పైనా కిందా రెండు నల్లటి రెక్కలు అడ్డుపడతాయి. 24 మిల్లీమీటర్ల ఎత్తుండే ఫ్రేము సుమారు 13కి తగ్గిపోతుంది. వెడల్పు మాత్రం అదే 36. అంటే వెడల్పు పెరగలేదు, ఎత్తు పోయింది. లాబ్‌లో పొడుగు కాగితం మీద ప్రింట్ వేసిచ్చేసరికి జనం మురిసిపోయారు. తలుపు సందులోంచి చూసి పెద్ద హాలు చూశామనుకోవడం లాంటిది. ఈ పోలిక అప్పుడు సరదాకి షీట్‌లో రాసుకున్నాను. తర్వాత దాన్ని చూసి నవ్వలేకపోయాను. ఆ సంగతికి వస్తాను.

అసలైన వాటిలో నా ఫస్టు ర్యాంకు కెమెరా హాసెల్‌బ్లాడ్ ఎక్స్‌పాన్. 1998లో ఫూజీతో కలిసి చేశారు. జపాన్లో ఇదే టీఎక్స్-1 పేరుతో అమ్మారు. మామూలు 35 ఎంఎం ఫిల్మే వేస్తాం, కానీ నెగటివ్ 24 ఎత్తు, 65 వెడల్పు. రెండు ఫ్రేముల చోటుని ఒక్క ఫ్రేము తినేస్తుంది. లెన్సులు మార్చుకోవచ్చు, ఫోకస్ చేసుకోవచ్చు, గీతలు గీతల్లాగే వస్తాయి. ఫోటోలు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఇబ్బంది ఎక్కడంటే, ధర అప్పటికే రెండు లక్షలు దాటింది. అంతకన్నా భయపెట్టింది, లోపలంతా ఎలక్ట్రానిక్స్. తయారీ 2006కల్లా ఆగిపోయింది. సర్క్యూట్ పోతే మన చేతిలో మిగిలేది అందమైన పేపర్ వెయిట్. సపోర్టు ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ మీద ప్రొడక్షన్ సిస్టమ్ నడిపితే ఏమవుతుందో నా ఉద్యోగంలో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ రాత్రి మూడు గంటలకే చూశాను.

ఇంకో వైపు మహాకాయులు. ఫూజీ జీ617, లిన్‌హాఫ్ టెక్నోరమా. నెగటివ్ 6 సెంటీమీటర్లు బై 17. వెడల్పాటి 120 రోలు వేస్తే నాలుగంటే నాలుగే ఫోటోలు. ఆ ప్రింటు ముందు నిలబడితే గడ్డిపోచలు లెక్కపెట్టొచ్చు. కానీ కెమెరా, ట్రైపాడ్, లైట్ మీటర్ మోసుకుని వెళ్ళి నాలుగు ఫోటోలు తీసుకొచ్చే ఓపిక నాకు లేదు.

వీటి గురించి చదువుతున్నప్పుడే యోసెఫ్ కౌదెల్కా పనోరమాల దగ్గర ఇరుక్కుపోయాను. 1968లో ప్రాగ్ వీధుల్లోకి సోవియట్ ట్యాంకులు వచ్చినప్పుడు ఫోటోలు తీసిన మనిషి. 1986లో ఫ్రాన్సులో ఒక ప్రభుత్వ ప్రాజెక్టు కోసం పనోరమా కెమెరా పట్టుకున్నాక ఇక వదల్లేదు. 'బ్లాక్ ట్రయాంగిల్' బొగ్గు గనులు తినేసిన నేల గురించి. 'వాల్' ఇజ్రాయెల్ కట్టిన గోడ గురించి. వెడల్పు బొమ్మ అనగానే మనకి సూర్యాస్తమయాలూ కొండల వరసలూ గుర్తొస్తాయి, టూరిజం కాలెండర్లు. కౌదెల్కా అదే ఆకారాన్ని తీసుకుని నోరు నొక్కేసిన భూమిని చూపిస్తాడు. మనుషులు దాదాపు కనబడరు. బొమ్మ ఎంత వెడల్పుంటే అంత ఊపిరాడదు. గోడని పనోరమాలో చూస్తే, అది ఫ్రేము ఈ చివర మొదలై ఆ చివర కూడా అయిపోదు. పనోరమాకి "అంతా చూపించడం" అనే పేరు ఉత్తదేనని నాకు ఆయన్ని చూశాకే తెలిసింది. ఎంత చూపించినా రెండు అంచులు ఉండనే ఉంటాయి, ఆ అంచుల అవతల ఏముందన్న అనుమానం మామూలు ఫోటోలోకంటే ఇందులోనే ఎక్కువ.

ఇంకో చెక్ ఆయనా యోసెఫే, సుదెక్. మొదటి ప్రపంచ యుద్ధంలో కుడిచెయ్యి పోయింది. మిగిలిన ఒక్క చేత్తో, అప్పటికే ముసలిదైపోయిన కొడాక్ పనోరమా కెమెరా మోసుకుంటూ ప్రాగ్ అంతా తిరిగాడు. 1959లో వచ్చిన ఆయన పనోరమాల పుస్తకంలో 284 ఫోటోలున్నాయి. ఆ కొడాక్ కెమెరా పనిచేసే తీరే వేరు, దాంట్లో లెన్సు తిరుగుతుంది.

ఇక్కడ కొంచెం నెమ్మదిగా చెప్పాలి, ఎందుకంటే నేను చివరికి కొన్నది ఈ జాతి కెమెరానే.

లెన్సు ఒక చిన్న డ్రమ్ములో ఉంటుంది. వెనక ఫిల్ము చదునుగా కాకుండా సగం గిన్నెలా వంగి ఉంటుంది. డ్రమ్ముకి వెనకవైపు సన్నటి నిలువు చీలిక. బటన్ నొక్కితే డ్రమ్ము జుయ్యిమని ఒక చివర నుంచి ఇంకో చివరికి తిరుగుతుంది, ఆ చీలిక ఫిల్ముని తుడుచుకుంటూ పోతుంది. ఏ క్షణంలోనైనా ఆ కెమెరా చూస్తున్నది ఒక సన్నటి నిలువు ముక్కని మాత్రమే. అలాంటి ముక్కలన్నీ పక్కపక్కన పడి 120 డిగ్రీల బొమ్మ అవుతుంది. మీ ఫోన్ సెన్సర్లో రోలింగ్ షట్టర్ అని విన్నారు కదా, దాని తాతయ్య అన్నమాట. డ్రమ్ము తిరిగే వైపుకే పరిగెత్తే మనిషి ఫోటోలో సాగుతాడు, ఎదురుగా వచ్చేవాడు కుంచించుకుపోతాడు. (కెమెరా మొత్తం తిరిగే సర్కట్ అనే ఇంకో రకం 1904 నుంచి ఉంది. స్కూలు గ్రూపు ఫోటోలకి వాడేవారు. అల్లరి పిల్లలు ఫోటో మొదలవగానే ఒక చివర నిలబడి, వెనకనుంచి పరిగెత్తి రెండో చివరా తేలేవాళ్ళు. ఒకే ఫోటోలో ఇద్దరు. నాకు ఇది పనోరమా చరిత్రలోకెల్లా ఇష్టమైన సంగతి.)

తిరిగే లెన్సుకి ఒక పెద్ద లోపం ఉంది. గీతలు వంగిపోతాయి. మీకెదురుగా అడ్డంగా పొడుగాటి గోడ ఉందనుకోండి. మధ్యభాగం మీకు దగ్గర, చివరలు దూరం. లెన్సు తిరుగుతూ ప్రతి ముక్కనీ దాని దూరాన్ని బట్టి గీస్తుంది కాబట్టి గోడ మధ్యలో ఉబ్బి, చివరల్లో సన్నబడుతుంది. కంటి ఎత్తుకంటే పైనున్న అడ్డగీత విల్లులా అవుతుంది, కిందున్నది గిన్నెలా జారుతుంది. కెమెరా కాస్త పైకో కిందికో వంగితే నదీ సముద్రమూ కూడా వంగుతాయి. అందుకే ఈ కెమెరాలకి బుడగ ఉన్న నీటిమట్టం తప్పనిసరి. వంతెన తీయాలనుకునేవాడు ఏరికోరి వంతెనని వంచే కెమెరా కొనడమేంటి? షీట్‌లో ఈ రకానికి ఆ కాలమ్‌లో సున్నా వేశాను. రష్యన్ హారిజాన్ 202 తొమ్మిదింటిలో ఎనిమిదో ర్యాంకు.

జూన్‌లో అమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్న మళ్ళీ బండి గీకించాడు" అంది.

మళ్ళీ అనడానికి కారణం ఉంది. ఆ ఏడాదిలో అది మూడోసారి. ఒకసారి మా గేటుకే. ఒకసారి వీధి మలుపులో ఆపి ఉన్న ఆటోకి. ఈసారి సందులోంచి వచ్చిన సైకిల్ కుర్రాడికి. దెబ్బలేం తగల్లేదు, వాడే లేచి నాన్నని తిట్టి వెళ్ళాడట. అన్నిసార్లూ ఎడమవైపే. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి ఒక్క కేసు లేని మనిషి. నేను ఫోన్‌లోనే గట్టిగా అనేశాను. "చూసుకుని నడపొచ్చు కదా నాన్నా, ఇంత వయసొచ్చి."

"చూసే నడిపాన్రా" అన్నాడు.

అదొక్కటే అన్నాడు. నేను దాన్ని డ్రైవర్ల పొగరు కింద జమకట్టాను. తర్వాత తలుచుకుంటే ఆ ఏడాది ఇంకా చాలా ఉన్నాయి. భోజనం దగ్గర ఎడమ పక్కనున్న మజ్జిగ గ్లాసు తన్నేయడం. పెళ్ళిలో మా పెదమామయ్య పక్కనుంచి చెయ్యి చాస్తే పట్టించుకోకుండా వెళ్ళిపోయాడని ఆ ఇంటివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఘాట్ దగ్గర నా ఫోన్‌ని అంత దగ్గరగా పెట్టుకుని, తల కదుపుతూ చూడడం. అన్నీ నా కళ్ళముందే జరిగాయి. నేను అప్పుడు లెన్సుల డిగ్రీలు లెక్కపెడుతున్నాను.

హైదరాబాదు తీసుకొచ్చి ఆసుపత్రిలో చూపించాం. గోడమీది అక్షరాలు చివరి వరస దాకా గడగడా చదివేశాడు. కళ్ళజోడు కుర్రాడు కూడా "బాగానే ఉంది అంకుల్" అన్నాడు. తర్వాత ప్రెషర్ చూసి, లోపల నరం చూసి, ఫీల్డ్ టెస్టుకి పంపారు. ఒక తెల్లటి గిన్నెలాంటి మిషన్. ఒక కన్ను మూసి, గడ్డం ఆనించి, మధ్యలో ఉన్న దీపాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు చుక్క మెరుస్తుంది. కనబడితే చేతిలో బటన్ నొక్కాలి. నాన్న బయటికొచ్చి, "మధ్యలో మిషన్ ఆగిపోయిందిరా, చాలాసేపు లైటే రాలేదు. చెబుదామనుకున్నా గానీ ఆ అమ్మాయి బిజీగా ఉంది" అన్నాడు.

మిషన్ ఆగలేదు.

గ్లకోమా. మన పెద్దవాళ్ళు నీటికాసులు అంటారు. కంటిలో ఒత్తిడి, నరం మెల్లగా చచ్చిపోవడం, నొప్పి లేకపోవడం. చాలావరకు ముందు పోయేది పక్కచూపు. నడిమి చూపు చివరిదాకా నిలబడుతుంది కాబట్టి పేపరూ చదువుతారు, గోడమీది అక్షరాలూ చదువుతారు. నాకు దిమ్మతిరిగిన సంగతి ఇంకోటి. పోయిన చోట నల్లగా ఏమీ కనబడదట. కిటికీకి పరదా వేసినట్టు ఉండదట. మెదడు చుట్టుపక్కల ఉన్నదాంతో ఆ ఖాళీని పూడ్చేస్తుంది, అక్కడేదో లేదన్న సంగతే తెలియదు. ఆ సైకిల్ కుర్రాడు కనబడీ కనబడకుండా రాలేదు, ఉన్నట్టుండి పుట్టుకొచ్చాడు. చూసే నడిపాను అన్నది అక్షరాలా నిజం. తలుపు సందులోంచి చూస్తూ హాలంతా చూస్తున్నాననుకునేవాడి మీద నేను షీట్‌లో రాసుకున్న జోకు ఆ రోజు గుర్తొచ్చింది.

"పోయింది రాదు. ఉన్నదాన్ని కాపాడుకుందాం. చుక్కలు ఒక్కపూట కూడా మానొద్దు" అన్నారు డాక్టరుగారు. బండి ఆపేయమన్నారు. అప్పుడు నాన్న మొహం గురించి నేను రాయను. తర్వాత డాక్టరుగారు నావైపు తిరిగి, "మీరు కొడుకా? ఇది ఇళ్ళల్లో వస్తుంది. మీరూ చూపించుకోండి" అన్నారు. కెమెరాల షీట్ మీద ఆర్నెల్లు కూర్చున్నవాణ్ణి, ఆ అపాయింట్‌మెంట్ తీసుకోవడానికి పద్నాలుగు నెలలు చేశాను. మధ్యలో కరోనా వచ్చింది, నిజమే, కానీ కరోనా రాకముందు కూడా తొమ్మిది నెలలున్నాయి. చివరికి వెళ్ళి ఆ తెల్ల గిన్నెలో గడ్డం పెట్టాను. చాలాసేపు లైటు రాలేదు. మిషన్ ఆగిందేమో అడుగుదామనుకున్నాను. "అన్నీ కనబడవు సార్, మామూలే, మధ్యలోనే చూడండి" అంది టెక్నీషియన్, నేను అడక్కుండానే. రిపోర్టులో "అనుమానం" అని ఉంది. ప్రెషర్ కాస్త ఎక్కువ, ఫీల్డ్ ప్రస్తుతానికి బాగుంది, ఏడాదికోసారి రావాలి. వెళ్తున్నాను.

ఇదంతా జరిగిన ఆ 2019 జులైలోనే, ఒకరోజు నాన్న మా అపార్టుమెంట్ కింద రోడ్డు దాటడం బాల్కనీలోంచి చూశాను. డాక్టరుగారు చెప్పారో, తనే కనిపెట్టాడో తెలీదు. ఫుట్‌పాత్ అంచున నిలబడి, గడ్డాన్ని ఎడమ భుజం మీదికి తెచ్చి, అక్కణ్ణుంచి మెల్లగా, ఆగకుండా, కుడి భుజం దాకా తల తిప్పాడు. మళ్ళీ కుడి నుంచి ఎడమకి. అప్పుడు కాలు కిందపెట్టాడు. అది అచ్చం బస్సు డిపోలోంచి బయటికి తీసే డ్రైవరు చూపే, కాకపోతే రెండింతలు నెమ్మది.

నిజానికి మంచి కళ్ళున్నవాళ్ళం కూడా చేసేది ఇదే. చెయ్యి చాచి పట్టుకుంటే బొటనవేలి గోరు ఎంతుంటుందో సుమారుగా అంత మేరే మనకి స్పష్టంగా కనబడేది. మిగతాదంతా మసక. ఆ గోరంత చూపుని అటూ ఇటూ తిప్పుతూ ఉంటే, లోపల ఎవరో కుట్టి వెడల్పాటి బొమ్మ చేసిపెడుతున్నారు. ఎక్స్‌పాన్ ఒక్క చూపులో వెడల్పంతా తీసుకుంటుంది. అలా చూసే కళ్ళు ఎవరికీ లేవు. తిరిగే లెన్సు మాత్రం నాన్నలా చూస్తుంది.

ఆ రాత్రి షీట్ తెరిచి, "గీతలు వంగుతాయా" అనే కాలమ్‌కి వెయిటేజ్ తీసేశాను. ర్యాంకులు తారుమారయ్యాయి. ఇది మోసం అని నాకు తెలుసు. కావలసిన జవాబు వచ్చేదాకా ఫార్ములా మార్చడం మా రంగంలో కొత్తేం కాదు.

హారిజాన్ 202 మాస్కో పక్కన క్రాస్నగోర్స్క్ ఫాక్టరీలో తయారైంది. చెన్నైలో ఒకాయన దగ్గర 15 వేలకి దొరికింది. ట్రాన్సిస్టర్ రేడియో సైజు నల్ల ప్లాస్టిక్ డబ్బా. బాటరీ లేదు, మీటర్ లేదు, ఫోకస్ లేదు. 28 ఎంఎం లెన్సు, 24 బై 58 నెగటివ్, 36 ఫోటోల రోలు మీద 22 వస్తాయి. కింద బిగించడానికి ఒక పిడి ఇస్తారు. అదెందుకని మొదటి రోలు అది లేకుండానే తీశాను. పద్నాలుగు ఫ్రేముల్లో నా వేళ్ళు పడ్డాయి. 120 డిగ్రీలంటే కెమెరాని పట్టుకున్న చేతులు కూడా దృశ్యంలో భాగమే. ఫిల్ము ఎక్కించడం ఇంకో కథ. రెండు చిన్న రోలర్ల కింద నుంచి, వంపు మీదుగా పోనివ్వాలి. ఒక దాని మీదుగా పోయిందంటే రోలు మొత్తం గల్లంతే. డ్రమ్ము తిరగడంలో ఎక్కడైనా తడబడితే ఆ చోట నిలువు చార పడుతుంది. నా కెమెరా ఏడిస్తే కుడివైపు మూడో వంతులో ఏడుస్తుంది.

లాబ్ వాళ్ళ సంగతి కూడా చెప్పాలి, ఈ దారిలో వచ్చేవాళ్ళకి పనికొస్తుంది. రోలు ఇచ్చేటప్పుడు కవరు మీద "నెగటివ్ కట్ చేయవద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి, నోటితో చెప్పండి, వీలైతే నిలబడి చూడండి. నా మొదటి రోలుని మామూలు ఫ్రేముల కొలతతో ఆరేసి చొప్పున చకచకా కత్తిరించి కవర్లో పెట్టిచ్చారు. నాలుగు బొమ్మలు నడుముకి రెండయ్యాయి. ఇక స్కానర్ హోల్డర్‌కేమో 36 మిల్లీమీటర్ల కిటికీలే ఉంటాయి. కాబట్టి నేను చేసేదేంటంటే, ఒక్క పనోరమాని రెండు ముక్కలుగా స్కాన్ చేసి కంప్యూటర్లో అతికిస్తాను. అవును, మళ్ళీ అతికించడమే. నవ్వుకోండి.

డిసెంబరులో రాజమండ్రి వెళ్ళి, ఘాట్ దగ్గర ఒక పడవ మాట్లాడాను, వంతెనకి ఎదురుగా నది మధ్యలోకి. నాన్నని రమ్మంటే ముందు రానన్నాడు. ఆయన రేవులో మెట్లు దిగడం కొత్తగా నేర్చుకుంటున్నాడు. ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, కిందికి, ఎడమకి తల దించి చూసి. చెయ్యి పట్టుకోబోతే విదిలించాడు. పడవాయన మాత్రం ఏమీ అనకుండా తన భుజం అందించాడు, నాన్న పట్టుకున్నాడు. పడవ మీద కెమెరా మట్టంగా ఉంచడం అసాధ్యం. బుడగ మధ్యకి వచ్చేలోపు అల వస్తుంది. రోలు మొత్తం అక్కడే ఖర్చుపెట్టాను. సగం ఫోటోల్లో గోదారి కొండలా లేచింది.

ఒకటి కుదిరింది. దాన్ని రెండడుగుల వెడల్పు ప్రింటు వేయించి, జనవరిలో సంక్రాంతికి తీసుకెళ్ళాను. వంతెన ఈ చివర నుంచి ఆ చివరికి, శ్రీరాముడి చేతిలో విల్లులా వంగి ఉంది. దీని గురించి నాన్నకి చెప్పడానికి నేను సిద్ధంగా వెళ్ళాను. డ్రమ్మూ, చీలికా, దూరాలూ... కాగితం మీద బొమ్మ కూడా గీసుకున్నాను.

"వంతెన వంగింది చూడు నాన్నా, అది నిజానికి..." అని మొదలెట్టాను.

"వంగే ఉంటుంది" అన్నాడు. "రాజమండ్రి వైపు దిగేటప్పుడు ఒక తిప్పుంది కదా. కొత్త డ్రైవర్లు అక్కడే తడబడతారు."

తర్వాత చూశాను, నిజమే. ఊరివైపు ఇళ్ళూ కట్టడాలూ ఉండడంతో ఆ చివర కొన్ని స్పాన్లని వంపు మీద కట్టారు. చిన్నప్పటినుంచీ ఆ వంతెన మీద తిరిగాను, నాకెప్పుడూ తట్టలేదు. ఇప్పుడు నా ఫోటోలో ఆ చివర కనబడే వంపులో ఎంత కెమెరాదో, ఎంత వంతెనదో నేను విడదీయలేను. నాన్నకి ఆ సమస్య లేదు.

ప్రింటుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆయనకి ఒక్కసారిగా ఆ బొమ్మంతా కనబడదని నాకు తెలుసు. తల తిప్పుతాడనుకున్నాను. తిప్పలేదు. మెడని కదపకుండా, కాగితాన్నే మొహం ముందు నుంచి మెల్లగా కుడివైపుకి జరుపుకుంటూ పోయాడు, నీళ్ళూ, స్తంభాలూ, ఒక్కో స్పానూ తన ముందు నుంచి పోనిస్తూ. ఎడమ అంచు దగ్గరికొచ్చేసరికి ఆపాడు.

"ఇక్కడ బస్సుంది చూశావా?"

నేను చూడలేదు. ఆ నెగటివ్‌ని స్క్రీన్ మీద వంద శాతం జూమ్ చేసి రెండు వారాలు దుమ్ము చుక్కలు తుడిచినవాణ్ణి. వంగి చూశాను. వంతెన పైన, దాదాపు ఫ్రేము అయిపోయే చోట, అగ్గిపుల్ల తలంత.

"మనదేనా?" అన్నాను.

"మనదే. పల్లెవెలుగు" అన్నాడు. "లోడు మీదుంది."